కణుపు సాక్ష్యం

1996 జులై 7, ఆదివారం సాయంత్రం ఒక పైలట్ చిన్న విమానంలో దక్షిణ ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ మీదుగా వెళ్లాడు. కింద గోధుమ చేలో అతనికి ఏ తేడా కనబడలేదు. ముప్పావు గంట తర్వాత అటే తిరిగొచ్చేసరికి, రాళ్లకి ఎదురుగా రోడ్డు అవతలి చేలో 151 వలయాలున్నాయి. చిన్నవీ పెద్దవీ కలిసి సుమారు 280 మీటర్ల పొడవునా మెలి తిరిగి ఉన్నాయి. ఒక్కో వలయంలో పైరు దువ్వినట్టు ఒకే వాలున పడుకుని ఉంది. అది పట్టపగలు. పక్కన ఏ303 రోడ్డు మీద కార్లు బారులు తీరి వెళ్తున్నాయి, స్టోన్‌హెంజ్ దగ్గర కాపలావాళ్లు, సందర్శకులు ఉన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు.

గణితం చదివినవాళ్లు ఆ ఆకారాన్ని వెంటనే పోల్చుకున్నారు. ఫ్రెంచి గణితవేత్త గాస్టన్ జూలియా 1918లో వివరించిన సమితులను కంప్యూటర్ తెర మీద బొమ్మలుగా వేస్తే ఇలాంటి మెలికలే వస్తాయి. అందుకే దానికి జూలియా సెట్ అన్న పేరు స్థిరపడింది. ముప్పావు గంటలో, అందరి కళ్లెదుట, ఒక్క అడుగుజాడ లేకుండా ఇంత గణితాన్ని చేలో గీసిందెవరు? చూడ్డానికి జనం ఎగబడ్డారు. రైతు చేను దగ్గర ఒక డబ్బా పెట్టి మనిషికి ఇంతని వసూలు చేశాడు. పైరు నష్టం నూటయాభై పౌండ్లయితే, డబ్బాలో పడింది ముప్పై వేల దాకా అని అప్పటి పత్రికలు రాశాయి. గోధుమకి అంత గిట్టుబాటు ధర ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు.

ముప్పావు గంట చిక్కుముడి తర్వాత వదులైంది. వలయాలు వేసే బృందాలతో కలిసి పనిచేసిన రాడ్ డికిన్సన్ అనే కళాకారుడు చెప్పినదాన్ని బట్టి, అది పగలు పుట్టింది కాదు. ముందు రాత్రి ముగ్గురు మనుషులు మూడు గంటల లోపు పని ముగించుకుని వెళ్లిపోయారు. తెల్లారినప్పటి నుంచీ బొమ్మ అక్కడే ఉంది. నేల మీద నిలబడి చూస్తే పడుకున్న పైరు కనబడదు, ముందున్న నిలువు పైరు దాన్ని కప్పేస్తుంది. మూడు గంటలంటే 180 నిమిషాలు. ముగ్గురు, 151 వలయాలు. అంటే ఒక మనిషికి ఒక్కో వలయానికి మూడున్నర నిమిషాలు. అందులో చాలావరకు చిన్న వలయాలే. కష్టమే, కానీ అసాధ్యం కాదు.

నిజానికి ఇలాంటి వలయాల్ని (క్రాప్ సర్కిల్స్) ఎవరు వేస్తున్నారన్న ప్రశ్నకి జవాబు అంతకు ఐదేళ్ల ముందే వచ్చేసింది. 1991 సెప్టెంబర్ 9న లండన్ నుంచి వెలువడే ‘టుడే’ పత్రిక సౌతాంప్టన్‌కి చెందిన ఇద్దరు పెద్దమనుషుల కథ ప్రచురించింది. డగ్ బోవర్, డేవ్ చోర్లీ. ఇద్దరూ అరవైలలో ఉన్నవాళ్లు, బొమ్మలు వేసే సరదా ఉన్నవాళ్లు. 1970ల చివర్లో ఒక సాయంత్రం పబ్‌లో కూర్చుని మాట్లాడుకుంటుంటే, బోవర్‌కి ఒకప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న రోజుల్లో విన్న వార్త గుర్తొచ్చింది. 1966 జనవరిలో క్వీన్స్‌లాండ్‌లోని టల్లీ అనే ఊరి దగ్గర ఒక అరటి రైతు, మడుగులోంచి పళ్లెం ఆకారపు వస్తువొకటి పైకి లేచిందని చెప్పాడు. ఆ చోట రెల్లు సుడి తిరిగి గుండ్రంగా పడి ఉంది. ‘మనమూ మన గోధుమ చేలల్లో అలాంటిదొకటి వేస్తే ఎలా ఉంటుంది’ అన్నాడు బోవర్. దగ్గర దగ్గర పదమూడేళ్లు వాళ్లు వేస్తూనే ఉన్నారు.

పనిముట్లు నాలుగే నాలుగు: ఒక చెక్క పలక, దాని రెండు చివర్లకీ కట్టిన తాడు, మధ్యలో పాతే గూటం, టోపీకి తగిలించిన తీగ చుట్ట. గూటానికి కట్టిన తాడు వ్యాసార్ధాన్ని తప్పనివ్వదు. పలక మీద కాలు వేసి, తాడు చేత్తో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పోతే పైరు ఒక పక్కకి వాలిపోతుంది. టోపీ తీగలోంచి దూరంగా ఉన్న చెట్టునో దీపాన్నో గురి చూసుకుంటూ నడిస్తే గీత తిన్నగా వస్తుంది. అడుగుజాడలు లేకపోవడంలోనూ మాయ లేదు. మందు కొట్టే ట్రాక్టర్ వెళ్లడానికి ప్రతి గోధుమ చేలోనూ జంట చక్రాల దారులు వదిలి ఉంటాయి. వాటి మీదుగా లోపలికి వెళ్లి, వాటి మీదుగానే బయటికి రావచ్చు. ఆకాశం నుంచి తీసిన ఏ క్రాప్ సర్కిల్ ఫొటో చూసినా బొమ్మని కోస్తూ పోయే ఆ జంట గీతలు కనిపిస్తాయి. వాటిని తాకకుండా, చేను నడిమధ్యలో ఒంటరిగా పుట్టిన పెద్ద బొమ్మ ఉందేమో వెతికి చూడండి.

బోవర్ ఇంట్లో మాత్రం పెద్ద గొడవే అయింది. కారు మీటర్‌లో మైళ్లు పెరిగిపోతుంటే, రాత్రిళ్లు ఎక్కడికి వెళ్తున్నాడో తెలియక భార్య ఇంకెవరో ఉన్నారని అనుమానపడింది. చివరికి ఆయన నిజం చెప్పి, పత్రికల కత్తిరింపులు చూపించి, అయినా నమ్మకపోతే ఆమె గీసిచ్చిన బొమ్మని చేలో వేసి చూపించాల్సి వచ్చింది.

‘టుడే’ పత్రిక కూడా ఊరికే వాళ్ల మాట నమ్మి అచ్చు వేయలేదు. వాళ్లచేత ఒక బొమ్మ వేయించి, ఆ విషయం చెప్పకుండా పాట్ డెల్గాడోని పిలిపించి చూపించింది. డెల్గాడో సామాన్యుడు కాదు. ఇంజినీరుగా పనిచేసి రిటైరై, కోలిన్ ఆండ్రూస్‌తో కలిసి 1989లో వలయాల మీద పుస్తకం రాసి బాగా అమ్మించిన పరిశోధకుడు. ఆయన చేలోకి దిగి, పరీక్షించి, ఇది మనుషులు చేయగలిగింది కాదని తేల్చేశాడు. తర్వాత అసలు సంగతి చెప్పినప్పుడు, మోసపోయానని మర్యాదగా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది బోవర్, చోర్లీలకి భౌతికశాస్త్రంలో ఇగ్‌నోబెల్ బహుమతి దక్కింది. నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి అది.

డెల్గాడో కన్నా నాకు జాలి కలిగేది టెరెన్స్ మీడెన్ మీద. ఆయన గ్రహాంతరవాసుల్ని నమ్మినవాడు కాదు. వాతావరణ శాస్త్రం తెలిసినవాడు, బ్రిటన్‌లో సుడిగాలుల మీద లెక్కలు సేకరించే సంస్థని 1974లో స్థాపించినవాడు. విల్ట్‌షైర్ సుద్దకొండల వాలులో గాలి సుడి తిరిగి, అందులో విద్యుదావేశం చేరి, నేలకి దిగి పైరుని వృత్తాకారంగా పడగొడుతోందని ఆయన వాదన. ఒంటరి గుండ్రాలకి అది పనికొచ్చే వివరణే. కానీ ఆ వాదన పేపర్లలో చదివిన డగ్, డేవ్ ఊరుకోలేదు. ఈసారి బొమ్మల్లో తిన్నని గీతలు, దీర్ఘచతురస్రాలు కలిపారు. గాలి గుండ్రంగా తిరుగుతుంది, సరే. మూలమట్టం పెట్టినట్టు పెట్టెలెలా గీస్తుంది? సిద్ధాంతం బొమ్మ వెంట పరుగెడుతుంటే, బొమ్మ ఆ సిద్ధాంతాన్ని వెక్కిరిస్తూ ఇంకో మెట్టు ఎక్కింది. పరిశీలించే వస్తువు మన వ్యాసాలు చదివి మారిపోతుంటే ప్రకృతి శాస్త్రం పద్ధతులు పనిచేయవు. అక్కడ కావలసింది పోలీసు బుర్ర.

ఆ తర్వాత భూగోళ శాస్త్రం వైపు నుంచి ఒక మంచి పరిశీలన వచ్చింది. జెరెమీ నార్త్‌కోట్ అనే పరిశోధకుడు 2002లో ఇంగ్లండ్‌లో నమోదైన వలయాల్ని మ్యాపు మీద పెట్టి చూశాడు. అవి ఎక్కడపడితే అక్కడ లేవు. రోడ్లకి దగ్గర, జనసంచారం ఉన్న ప్రాంతాల్లో, స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ లాంటి ప్రాచీన స్థలాల చుట్టూ గుమిగూడి ఉన్నాయి. కాంతి సంవత్సరాలు దాటి వచ్చేవాళ్లకి కారు పార్కింగ్ దగ్గరగా ఉండాల్సిన అవసరం ఏమిటో మరి.

ఇంత తేలాక కూడా నమ్మకం చావలేదు. చావకపోగా ఒక తెలివైన ఎత్తు వేసింది: బొమ్మని వదిలి, కాడని పట్టుకుంది. ‘కొన్ని మనుషులు వేసినవే, ఒప్పుకుంటాం. కానీ అసలు వలయాల్లో పైరుని చూడండి. కాడ విరగదు, మెత్తగా వంగుతుంది. వంగాక కూడా మొక్క బతికే ఉంటుంది, పెరుగుతుంది. కణుపులు మామూలుకన్నా పొడుగ్గా సాగి ఉంటాయి. పలకతో తొక్కితే ఇలా జరుగుతుందా?’ ఇదీ వాదన. వినడానికి గట్టిగా ఉంటుంది. పట్నంవాసిని ఇది నిరుత్తరుణ్ణి చేస్తుంది. వరి పండించే రైతు దగ్గరికి తీసుకెళ్తే మాత్రం ఆయన ముందు నవ్వుతాడు.

గోధుమ, వరి, జొన్న, చెరకు అన్నీ గడ్డి కుటుంబంలోవే. గోధుమ కాడ లోపల బోలు. అక్కడక్కడ గట్టి కణుపులు. మే నుంచి జులై మొదటి వారాల దాకా ఇంగ్లండ్‌లో గోధుమ పచ్చిగా, నీటితో నిండి ఉంటుంది. పచ్చి కాడని మొదట్లో తొక్కితే అది పుల్లలా పుటుక్కుమనదు. నేలకి దగ్గరగా మడత పడి ఒరుగుతుంది, అంతే. అదే పని ఆగస్టులో, పైరు ఎండి బంగారు రంగుకి తిరిగాక చేస్తే కాడలు విరుగుతాయి. వలయాలు వేసేవాళ్ల సీజన్ వసంతంలో ఆవజాతి నూనెగింజల చేలతో మొదలై, బార్లీ మీదుగా గోధుమకి చేరుతుంది. పూర్తిగా పండిన చేలో వేసిన వలయాల్లో విరిగిన కాడలు కావలసినన్ని దొరుకుతాయి. వాటి ఫొటోలు పుస్తకాలకెక్కవు.

ఇక కణుపు సంగతి. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో నిజంగా ఆశ్చర్యపడదగ్గది ఇదొక్కటే.

గోధుమ కణుపు దగ్గర, ఆకు తొడుగు కాడని చుట్టుకుని మొదలయ్యే చోట, ఒక చిన్న ఉబ్బు ఉంటుంది. మిగతా కాడ ముదిరిపోయాక కూడా అక్కడి కణాలకి మళ్లీ సాగే శక్తి కొంతకాలం మిగిలి ఉంటుంది. ఆ కణాల్లో కొన్నింట్లో పిండి రేణువులు ఉంటాయి. కాడ నిటారుగా ఉన్నంతసేపు అవి కణం అడుగున కూర్చుని ఉంటాయి. గాలివానకో పలకకో కాడ అడ్డంగా పడితే, కణం అడుగు మారిపోతుంది. రేణువులు దొర్లి, కొన్ని నిమిషాల్లో కొత్త అడుగుకి చేరతాయి. ఏది కిందో మొక్కకి అప్పుడు తెలుస్తుంది. వెంటనే ఆక్సిన్ అనే హార్మోన్ కణుపు కిందివైపున ఎక్కువగా పోగవుతుంది. ఆక్సిన్ పోగైన వైపు కణాలు పొడుగ్గా సాగుతాయి, పైవైపు కణాలు దాదాపు అలాగే ఉండిపోతాయి. ఒక పక్క సాగి ఇంకో పక్క సాగకపోతే కణుపు వంగుతూ పైకి తిరుగుతుంది. ఒక్క కణుపు కాడని పూర్తిగా నిలబెట్టలేదు. కొంత కోణం ఇది, కొంత కోణం దాని పైది, మిగతాది ఆ పైది పంచుకుంటాయి. కొన్ని గంటల్లో మొదలైన ఈ పని రెండు మూడు రోజుల్లో కంటికి కనిపిస్తుంది. కాడ మొదలు నేలకి కరుచుకుని ఉండగానే కంకి ఆకాశం వైపు తలెత్తుతుంది.

అంటే, పడిపోయిన గోధుమలో కణుపు సాగడం వింత కాదు. సాగకపోవడమే వింత. దానికి మైక్రోవేవ్ కిరణాలూ అక్కర్లేదు, అంతరిక్ష నౌకలూ అక్కర్లేదు. దీన్ని ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు. కుండీలో కాడ సాగిన జొన్న మొక్కనో వరి మొక్కనో తీసుకుని, కుండీని పక్కకి పడుకోబెట్టి చీకటి గదిలో పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత తలుపు తీస్తే మొక్క పైకి తిరిగి ఉంటుంది. వెలుతురు కోసం తిరిగిందనడానికి అక్కడ వెలుతురు లేదు. మొక్క చదివింది భూమ్యాకర్షణని.

చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి మొక్కల కదలికల మీద పెద్ద పుస్తకం వెలువరించింది 1880లో. యాదృచ్ఛికంగా అదే ఏడాది జులైలో ‘నేచర్’ పత్రికలో జాన్ రాండ్ కాప్రన్ రాసిన ఒక ఉత్తరం వచ్చింది. సర్రే కౌంటీలో గాలివానల తర్వాత గోధుమ చేలో అక్కడక్కడ గుండ్రంగా పైరు పడి ఉండటం, మధ్యలో కొన్ని కాడలు నిలిచే ఉండటం, చుట్టూ చెక్కుచెదరని పైరు గోడలా ఉండటం ఆయన గమనించాడు. గాలీ వానా కలిసి చేసిన పని అయి ఉంటుందని ఆయన ఊహ. వలయాలు పాతవే అనడానికి ఈ ఉత్తరాన్ని ఇప్పుడు రుజువుగా చూపిస్తారు. నాకైతే ఇందులో కనిపించేది చేలోకి దిగి చూసి, ఉన్నదున్నట్టు రాసిన ఒక ఓపికమంతుడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, 1678లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ గురించి అచ్చయిన ఒక కరపత్రాన్ని కూడా ఇలాగే లాక్కొస్తారు. కూలీ ఎక్కువ అడిగాడని కోపమొచ్చిన రైతు, నీకివ్వడం కన్నా దయ్యానికిచ్చి కోయించుకుంటా అన్నాడట. తెల్లారేసరికి ఓట్స్ చేను కోసి ఉందట. గమనించండి, కోసి ఉంది, పడి లేదు. అది కూలి రేట్ల తగాదా కథ, క్రాప్ సర్కిల్ కథ కాదు.

కణుపు వాదనకి శాస్త్రం ముసుగు తొడిగింది డబ్ల్యు. సి. లెవెన్‌గుడ్ అనే అమెరికన్ పరిశోధకుడు. 1994లో ‘ఫిజియోలోజియా ప్లాంటారమ్’ అనే పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. వలయాల్లోని మొక్కలకి కణుపులు సాగాయని, కొన్ని పేలి చిల్లులు పడ్డాయని, కణాల్లో నీరు ఒక్కసారిగా వేడెక్కితేనే అలా అవుతుందని ఆయన చెప్పాడు. కొలతలు నిజమే కావచ్చు. చిక్కంతా దేనితో పోల్చాడన్న దగ్గరుంది. వలయంలో పడుకున్న మొక్కని వలయం బయట నిలబడ్డ మొక్కతో పోల్చితే తేడా రాకుండా ఎలా ఉంటుంది? పడుకున్నది లేవడానికి ప్రయత్నిస్తుంది, నిలబడ్డదానికి ఆ పని లేదు. అదే రాత్రి, అదే చేలో, అదే పలకతో మనం ఒక చోట పైరుని పడగొట్టి, ఏది ఏ చోటిదో కొలిచేవాడికి చెప్పకుండా రెండింటినీ అతని చేతికివ్వాలి. అప్పుడూ తేడా వస్తే మాట్లాడుకోవచ్చు. ఆ జాగ్రత్తలు లేవన్నదే విమర్శకుల ప్రధాన ఆక్షేపణ.

2011లో ఓరెగాన్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ టేలర్ ఇంకో అడుగు వేశాడు. ఈ తరం వలయకారులు జీపీఎస్, లేజర్లతో పాటు మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉండే మాగ్నెట్రాన్‌ని కూడా చేలోకి తీసుకెళ్తున్నారేమో, కణుపు సాగడం దాని పనే కావచ్చునేమో అని ‘ఫిజిక్స్ వరల్డ్’లో రాశాడు. మనుషుల పనే అని ఒప్పుకుంటూ కూడా కణుపుకి బయటి నుంచి వేడి కావాలనుకోవడం నాకు విచిత్రంగా ఉంటుంది. కణుపు తన పని తాను చేసుకుపోతుంది, బ్యాటరీ అడగదు.

గోదావరి డెల్టాలో అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను వెళ్లిపోయిన మర్నాడు గట్టు మీద నిలబడితే ఇదంతా పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. గింజ పాలుపోసుకుని వెన్ను బరువెక్కిన వరి, గాలివానకి చాపచుట్టలా పడిపోతుంది. కాడ పొడవు పెరిగే కొద్దీ, కొసన బరువు పెరిగే కొద్దీ మొదట్లో పడే ఒత్తిడి పెరుగుతుంది. యూరియా మోతాదు మించితే కింది కణుపుల మధ్య దూరం సాగి, కాడ గోడలు పలచబడతాయి. అలాంటి చేను ముందు పడుతుంది. పాత మసూరి పొడుగ్గా పెరిగి ఎంత తేలిగ్గా పడిపోయేదో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పడిన చేలో రైతులు నాలుగైదు దుబ్బుల్ని కలిపి లేపి కట్టలుగా కడతారు. నీళ్లలో వెన్నులు మునిగి మొలక వచ్చే ప్రమాదం ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయాధికారులు చెబుతారు. చెరకు పడకుండా జడచుట్టు వేస్తారు. అయినా పడిందంటే, కొన్నాళ్లకి దాని కొన పైకి తిరిగి ఉంటుంది. ఆ వంపు చెరకు చూసిన ఏ రైతూ దాన్ని మాయ అనలేదు.

ఈ పడిపోవడమే ప్రపంచ చరిత్రని కూడా ఒక మలుపు తిప్పింది. ఎరువు వేస్తే దిగుబడి పెరుగుతుంది, దిగుబడి బరువుకి కాడ పడిపోతుంది. ఆ పీటముడి విప్పింది కురచ రకాలు. జపాన్‌కి చెందిన నోరిన్ 10 అనే పొట్టి గోధుమని నార్మన్ బోర్లాగ్ తన రకాలతో సంకరం చేశాడు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8ని విడుదల చేసింది. జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ కాడని సాగదీస్తుంది. ఆ వరిలోని కురచ జన్యువు దాని తయారీని తగ్గిస్తుంది, గోధుమలోని జన్యువు అది చెప్పిన మాట కాడ చెవినపెట్టకుండా చేస్తుంది. రెండు దారులు, ఒకటే ఫలితం. ఐఆర్8ని మొదట్లోనే నమ్మి పండించినవాళ్లలో పశ్చిమగోదావరి ఆచంటకి చెందిన నెక్కంటి సుబ్బారావు పేరు ఊళ్లు దాటింది. ఇప్పటి ఇంగ్లండ్ గోధుమలూ చాలావరకు ఆ పొట్టి జన్యువు మోస్తున్నవే.

తుఫానుకి పడిన చేనుకీ, పలకతో పడగొట్టిన చేనుకీ తేడా అంచు దగ్గర తెలుస్తుంది. గాలి పని అంచు చిరిగినట్టు ఉంటుంది. నిండుగా పడిన చోటు నుంచి సగం వంగిన మొక్కల మీదుగా నిలబడ్డ మొక్కల దాకా మెల్లగా మారుతుంది. పలక పనికి ఆ మధ్యస్థితి ఉండదు. ఒక కాడ పడి ఉంటుంది, పక్క కాడ నిలబడి ఉంటుంది. వలయాల అభిమానులు మురిసిపోయే ఆ పదునైన అంచే వాటిమీద పడిన మనిషి వేలిముద్ర.

మనిషి ముద్ర ఇంకో చోట ఇంతకన్నా స్పష్టంగా దొరికింది. 2008లో విల్ట్‌షైర్‌లోని బార్బరీ కాసిల్ దగ్గర బార్లీ చేలో మెట్లు మెట్లుగా తిరిగే ఒక బొమ్మ వెలిసింది. అందులో పై (π) విలువ దాగి ఉందని ఒక రిటైరైన ఖగోళ భౌతికశాస్త్రవేత్త చదివి చెప్పాడు. వృత్తాన్ని పది సమభాగాలు చేసి, ఒక్కో మెట్టుకి ముందు ఎన్ని భాగాలున్నాయో లెక్కపెడితే 3.141592654 వస్తుంది. దశాంశ బిందువుకి కూడా ఒక చిన్న గుండ్రం ఉంది. అందమైన ఆలోచన. కానీ పై నిజమైన విలువ 3.1415926535 అని ఇంకా సాగుతుంది. పది అంకెల దగ్గర ఆపి చివరి 3ని 4గా సవరించేది మన జేబులో ఉండే క్యాలిక్యులేటర్. పదుల్లో లెక్కపెట్టేది పది వేళ్లున్న జీవి.

2001 ఆగస్టులో హాంప్‌షైర్‌లోని చిల్‌బోల్టన్ రేడియో టెలిస్కోప్ పక్కన ఒక ముఖం, దాని పక్కన చుక్కల పట్టిక వెలిశాయి. 1974లో అరెసిబో టెలిస్కోప్ నుంచి ఎం13 అనే నక్షత్రగుచ్ఛం వైపు మనవాళ్లు పంపిన 1,679 బిట్ల సందేశానికి అది జవాబట. 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం 1,679. ఆ లెక్కన పేర్చితే బొమ్మ వస్తుంది. ఎం13 ఉన్నది దాదాపు 25,000 కాంతి సంవత్సరాల దూరాన. మన సందేశం అప్పటికి ప్రయాణించింది 27 కాంతి సంవత్సరాలు.

వ్యాపారానికీ ఈ విద్య పనికొచ్చింది. 2013 చివర కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో ఒక బార్లీ చేలో వెలిసిన బొమ్మ ఇంటర్నెట్‌ని ఊపేసింది. కొన్ని రోజులకే ఎన్విడియా కంపెనీ అది తమ కొత్త చిప్ ప్రచారమని చెప్పుకుంది. చిప్‌లో 192 కోర్లున్నాయని చేలో బ్రెయిలీలో రాశారు.

మనిషి ప్రమేయం లేకుండా చేలల్లో వలయాలు రావని కాదు. జులై, ఆగస్టుల్లో జత కట్టే కాలంలో రో జాతి జింకలు ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా పరుగెత్తి గడ్డిలో వలయాలు తొక్కుతాయి. 2009లో ఆస్ట్రేలియాలోని టాస్మానియా అటార్నీ జనరల్ లారా గిడ్డింగ్స్, మందుల కోసం పండించే నల్లమందు చేలల్లో వాలబీలు దూరి కాయలు తిని, మత్తెక్కి గుండ్రంగా గెంతుతూ వలయాలు వేస్తున్నాయని సభలో చెప్పి ప్రపంచాన్ని నవ్వించింది. పచ్చిక బయళ్లలో కొన్ని శిలీంధ్రాలు మధ్య నుంచి బయటికి ఏటా కొంచెం కొంచెం విస్తరిస్తూ, అంచున నత్రజనిని విడుదల చేసి ముదురాకుపచ్చ వలయాలు పుట్టిస్తాయి. నమీబియా ఎడారి గడ్డిలోని లక్షలాది బోడి గుండ్రాలు చెదపురుగుల పనా, నీటి కోసం మొక్కల పోటీ ఫలితమా, రెండూ కలిసినవా అన్న వాదన ‘సైన్స్’, ‘నేచర్’ లాంటి పత్రికల్లో ఇంకా నడుస్తూనే ఉంది. నిజంగా తేలని వలయాల రహస్యం కావాలనుకునేవాళ్లు అక్కడికి వెళ్లాలి.

విల్ట్‌షైర్‌లోనే, గోధుమలోనే, ఇంకో రకం వలయాలున్నాయి. వాటిని తొక్కినవాడు లేడు. వేల ఏళ్ల క్రితం తవ్వి పూడ్చిన కందకం మీద మట్టి లోతుగా, తేమగా ఉంటుంది. దాని మీద పెరిగిన పైరు ఏపుగా లేచి ఆలస్యంగా పండుతుంది. పాతిపెట్టుకుపోయిన గోడ మీద మట్టి పలచన, అక్కడి పైరు గిడసబారి ముందే పసుపెక్కుతుంది. వాన లేని ఏడాది ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పదహారో శతాబ్దంలోనే విలియం కామ్‌డెన్, కెంట్‌లోని రిచ్‌బరో దగ్గర పైరు గీతల్లో పాత రోమన్ పట్టణం వీధుల్ని గుర్తుపట్టి రాశాడు. 2018 జులైలో ఐర్లండ్ ఎండకి బీడుపడినప్పుడు, న్యూగ్రేంజ్ దగ్గర డ్రోన్ ఎగరేసిన ఇద్దరికి చేలో అంతకుముందెవరికీ తెలియని ఒక భారీ ప్రాచీన వలయం బయటపడింది.

1925 డిసెంబర్‌లో గిల్బర్ట్ ఇన్సాల్ అనే వైమానిక దళాధికారి స్టోన్‌హెంజ్‌కి ఈశాన్యంగా మూడు కిలోమీటర్ల దూరంలో ఎగురుతూ, దున్నిన నేలలో ఒక పెద్ద వృత్తాన్ని, దాని లోపల తెల్లటి సుద్ద మచ్చల్ని చూశాడు. తొందరపడి ఏదీ అనకుండా, అక్కడ గోధుమ ఎదిగేదాకా ఆగి మరుసటి జులైలో మళ్లీ వెళ్లి చూశాడు. పైరులో ఒకదాని లోపల ఒకటిగా చుక్కల వరుసలు తేటగా కనిపించాయి. మాడ్ కన్నింగ్టన్ బృందం 1926 నుంచి అక్కడ తవ్వింది. ఆరు వలయాలుగా దుంగలు పాతిన 168 గుంతలు దొరికాయి. ఆ చోటు ఇప్పుడు ఉడ్‌హెంజ్. దుంగలు కుళ్లి నాలుగు వేల ఏళ్లకి పైగా అయింది కాబట్టి, గుంతల స్థానంలో పొట్టి కాంక్రీటు స్తంభాలు పెట్టారు. చూడ్డానికి టికెట్ లేదు.